ఆయ్ అన్నారు కదా అని

సత్యానందం గారి అమ్మాయి మొన్న ఆదివారం మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకూ జుట్టు నెరిసింది. చేతిలో పాత దుప్పటి ముక్కలో చుట్టిన పొడవాటి వస్తువు ఒకటి ఉంది. "నాన్నగారు పోయి మూడు నెలలైందండీ. పోయేముందు ఇది డాక్టరమ్మ గారికి ఇవ్వమన్నారు. మీ అడ్రసు దొరికేసరికి ఇన్నాళ్లు పట్టింది," అంటూ దాన్ని నా ఒళ్లో పెట్టింది. విప్పి చూస్తే వామనగుంటల పీట. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, అంచున స్పిరిట్ ఒలికి తెల్లబడ్డ మచ్చ, ఒక మూల ఎంత తుడిచినా వదలని ఊదారంగు మరక. చింతగింజల సంచీ కూడా ఉంది. "మీరూ నాన్నగారూ ఖాళీగా ఉన్నప్పుడు ఆడుకునేవారాండీ?" అని అడిగింది. "ఆయ్," అన్నాను. ఆ కోనసీమ మాట నా నోట వచ్చి ఎన్నేళ్లయిందో. నేను అవునన్నాననుకుని ఆమె నవ్వింది. కాఫీ తాగి, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయింది. నిజానికి మేము ఆ పీట మీద ఒక్క ఆటా ఆడలేదు. దాని మీద రోగుల రక్తంలోని తెల్లకణాలను లెక్కపెట్టేవాళ్లం.

రక్తం జబ్బులూ కేన్సర్లూ చూసే డాక్టరుగా నేను తయారవుతున్న రోజులవి. ఆ చదువుకు ఇప్పుడున్నట్టు ఒక విభాగం, ఒక బోర్డు ఏమీ లేవు. పట్నంలో పెద్దాసుపత్రిలో ఒక ప్రొఫెసరు గారు, ఆయన వెనక నలుగురైదుగురం, అంతే. ఆయన నెలకొకసారి, రెండో శనివారం, అమలాపురంలో ఒక చిన్న ఆసుపత్రికి వచ్చి రోగులను చూసేవారు. ఏటి పాయలు దాటి, బస్సులు మారి పట్నం దాకా రాలేక వైద్యం మధ్యలో మానేసేవాళ్లు కోనసీమలో ఎక్కువని ఆయన బాధ. మిగిలిన నెలంతా ఆ రోగులను కనిపెట్టుకుని ఉండడానికి మాలో ఒకరిని ఆరు నెలల వంతున అక్కడ పెట్టేవారు. నా వంతు వచ్చినప్పుడు తోటివాళ్లు "నీకేం, పుట్టింటికి పోయినట్టే," అని వెక్కిరించారు. నిజమే, మాది రాజోలు దగ్గర పల్లె. కానీ బడిపంతులైన మా నాన్నగారు నన్ను పదో ఏట హాస్టల్లో వేశారు. అప్పటినుంచీ ఇల్లంటే నాకు సెలవులకు వెళ్లే చోటు. నేను వెళ్తే మా అమ్మ అలమరలోంచి కొత్త గ్లాసు తీసి మంచినీళ్లిచ్చేది, చుట్టానికి ఇచ్చినట్టు. అమలాపురం బస్టాండులో ట్రంకుపెట్టెతో దిగిన రోజున ఆ ఊళ్లో నన్ను ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు. పరాయి ఊళ్లో ఒంటరిగా ఉంటే ఒక సర్దుబాటు ఉంటుంది. సొంత సీమలో ఒంటరిగా ఉండడం వేరు. అందరూ నా యాసలోనే మాట్లాడుతున్నారు, నాతో మాత్రం ఎవరూ మాట్లాడడం లేదు.

నా పనులేమిటో ప్రొఫెసరు గారు ఒక కాగితం మీద స్వయంగా రాసి ఇచ్చారు. పొద్దున్నే వార్డులో ఉన్నవాళ్లకు రక్తం తియ్యాలి. తీసిన చుక్కను గాజుపలక మీద పలచగా పరిచి, ఆరబెట్టి, రంగు వేసి చూడాలి. సన్నటి గాజుగొట్టంలోకి రక్తాన్ని నోటితో గీత దాకా పీల్చి కణాలు లెక్కించాలి. కాస్త ఎక్కువ పీలిస్తే నాలుక మీదికి ఉప్పగా వచ్చేది. ఎముకలోని మూలుగ తియ్యాల్సి వస్తే రొమ్ముటెముకలోకి సూది దించాలి. సూది దిగేటప్పుడు రోగి నా మొహమే చూస్తాడు గనుక మొహం కదపకూడదని కింద గీత గీసి మరీ రాశారు. రక్తం ఎక్కించాలంటే బంధువుల్లో సరిపడేవాళ్లను వెతికి, బతిమాలి, పడుకోబెట్టి సీసాలోకి తియ్యాలి. సాయంత్రం కార్డులు రాయాలి. రావలసిన రోజుకు రానివాళ్లందరికీ తలో పోస్టుకార్డు. కార్డంటే పోస్టుమాను దగ్గర్నుంచి అరుగు మీద కూర్చున్నవాళ్ల దాకా అందరూ చదువుతారు కాబట్టి అందులో జబ్బు మాట ఉండకూడదు, ఒకసారి కనిపించి వెళ్లమని మాత్రం రాయాలి.

కేన్సర్ అన్న పేరు రోగి ఎదుట నోటితోనూ అనకూడదు. అది ప్రొఫెసరు గారి నియమం, ఆ కాలంలో అందరు డాక్టర్ల నియమమూ అదే. రక్తంలో తెల్లకణాలు ఎక్కువయ్యాయి అనేవాళ్లం, అవి తగ్గాలి అనేవాళ్లం. పేరెత్తకుండా జబ్బు గురించి చెప్పడం నా పనులన్నిటిలోకీ కష్టమైనది, కాగితం మీద మాత్రం అది ఒక్క వాక్యమే. అసలు పేరు మనం దాచిపెట్టినప్పుడు ఎదుటివాళ్లు మన మిగతా మాటల్లో దాన్ని వెతుక్కుంటారని నాకప్పుడు తోచలేదు.

సత్యానందం గారు ఆ ఆసుపత్రి లేబరేటరీ చూసేవారు. నాకంటే పాతికేళ్లు పెద్ద. తెల్లచొక్కా జేబులో ఎప్పుడూ ఒక గుడ్డముక్క ఉండేది, గాజుపలకలు తుడవడానికి. కాలవ నీళ్లతో కడిగితే రంగు నీలమెక్కి కణాలు పోల్చుకోలేకపోయేవాళ్లం. అందుకని వానాకాలంలో చూరు నీళ్లు సిమెంటు గాబులో పట్టి, గుడ్డ కట్టి, ఏడాదంతా పలకల కోసం పొదుపుగా వాడేవారు. ఆ నీళ్లు ఎవరు ముట్టుకున్నా ఊరుకునేవారు కాదు, చివరికి నన్నయినా సరే. తెల్లకణాల్లో ఏ రకం ఎన్ని ఉన్నాయో తేల్చడానికి నూరు కణాలు చూడాలి. అందుకు పట్నంలో మీటలు నొక్కే యంత్రం ఉండేది. ఇక్కడ ఈ పీట. ఒక్కో గుంట ఒక్కో రకం కణానికి. గుప్పిట్లో సరిగ్గా నూరు చింతగింజలు పట్టుకుని, నేను మైక్రోస్కోపులో చూస్తూ పేరు చెబితే ఆయన ఆ గుంటలో గింజ వేసేవారు. గుప్పిట ఖాళీ అయితే నూరు అయినట్టు. మైక్రోస్కోపుకు ఒక్కటే కన్ను. నేను చూస్తుంటే ఆయన చూడడానికి లేదు, ఆయన చూస్తుంటే నేను చూడడానికి లేదు. అందులో ఏం కనిపించినా ముందు ఒక్కదాన్నే చూడాలి. గింజ గుంటలో పడిన చప్పుడు వినిపిస్తే పక్కన ఇంకో మనిషి ఉన్నాడని ధైర్యంగా ఉండేది.

నా గది ఆసుపత్రి ఆవరణలోనే, కాలవ గట్టు పక్కన. కిటికీ తీస్తే నానబెట్టిన కొబ్బరిపీచు కుళ్లిన వాసన, మూస్తే నా చేతులకంటిన స్పిరిట్ వాసన. భోజనం సత్యానందం గారింట్లో. ఆయన భార్యను పెద్దమ్మగారూ అని పిలిచేదాన్ని. సాయంత్రం దీపాలు పెట్టగానే వాళ్లింట్లో ప్రార్థన, ఆ తర్వాతే వడ్డన. ప్రార్థనలో ఆవిడ ఊళ్లో ఉన్నవాళ్ల కష్టాలన్నీ పేరుపేరునా చెప్పేది, చివర "ఒక్కర్తీ ఉంటున్న డాక్టరమ్మ గారిని కూడా కాపాడు తండ్రీ," అనేది. అన్నం తిని గదికి వచ్చేస్తే ఇక తెల్లారేదాకా పలకరించేవాళ్లుండరు. మంచం మీద కూర్చుని ప్రొఫెసరు గారి కాగితం మళ్లీ చదువుకునేదాన్ని. అందులో ఉన్నవన్నీ చేశాను కదా అని చూసుకుని తృప్తిపడేదాన్ని.

మంగాయమ్మ గారు నేను వచ్చిన రెండో వారంలో వచ్చింది. ఆత్రేయపురం, నలభై ఏళ్లుంటాయేమో, పూతరేకులు తీసి అమ్మే ఇల్లు. వెంట భర్త అబ్బులు గారు, భుజం మీద తువ్వాలు, చేతిలో సంచీ, మాట తక్కువ మనిషి. "కడుపులో బల్ల పెరిగిందండీ, రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతంది," అంది. ఎడమ డొక్కలో ప్లీహం పెరిగితే మావైపు దాన్ని బల్ల అనే అంటారు. చెయ్యి వేస్తే బొడ్డు దాకా గట్టిగా తగిలింది. రక్తం తీసి పలక మీద పరిచాను. తెల్లకణాలు కిక్కిరిసి ఉన్నాయి, ఉండాల్సినవీ ఉండకూడనివీ అన్ని రకాలూ. సత్యానందం గారి పద్నాలుగు గుంటల్లో ఏదీ ఖాళీ లేదు. ఆ పలకను పట్నం పంపితే ప్రొఫెసరు గారు ఫోనులో మందు చెప్పారు. రోజుకు ఇన్నని చిన్న తెల్ల మాత్రలు. రెండు వారాలకొకసారి లెక్క చూడాలి. కణాలు తాను చెప్పిన అంకెకు దిగగానే మాత్ర ఆపెయ్యాలి, ఎందుకంటే ఆపిన తర్వాత కూడా ఆ మందు కొన్ని వారాలు పనిచేస్తూనే ఉంటుంది, ఆపకపోతే మూలుగ మొత్తం ఎండిపోతుంది. ఈ సంగతి రోగికి బాగా తెలియజెయ్యడం నీ పని అని ఆయన రెండుసార్లు అన్నారు. నేను రెండుసార్లూ "ఆయ్" అన్నాను.

ఆవిడ రెండు వారాలకొకసారి తప్పకుండా వచ్చేది. ఆ రోజు కోసం నేను ఎదురుచూసేదాన్ని, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమిటి. ఆ ఊళ్లో నన్ను నా పని గురించి అడిగిన మనిషి ఆవిడొక్కతే. మొదటిసారి నేను పలక మీద చుక్క పరుస్తుంటే మెడ చాచి చూసింది. "మీరూ రేకు తీస్తారేంటండీ?" అంది. ఆ తర్వాత కాసేపు నా చెయ్యినే చూసి, "మధ్యలో చెయ్యి ఆపేస్తన్నారండి. ఆపితే మందవైపోద్ది. ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగాలండి," అని చెప్పింది. కాలేజీలో ఎవరూ నాకు ఆ మాట చెప్పలేదు. ఊపిరి బిగబట్టి లాగితే పలక మీద రక్తం చివరికంటా పలచగా, ఒకే తీరుగా వచ్చింది. సత్యానందం గారు వెలుతురులో పెట్టి చూసి, "ఇవాళ చెయ్యి కుదిరిందండీ," అన్నారు. నేను ఇప్పటికీ పలక పరిచేటప్పుడు ఊపిరి బిగబడతాను. మా స్టూడెంట్లకూ అదే నేర్పాను, ఎవరు నేర్పారో మాత్రం చెప్పలేదు.

మూడో నెల దాటేసరికి బల్ల కరిగిపోయింది. చేతికి తగలనే లేదు. ఆ రోజు లెక్క చూస్తే ప్రొఫెసరు గారు చెప్పిన అంకెకు దిగింది. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. నా చేతుల మీదుగా ఒక మనిషి బాగుపడడం అదే మొదటిసారి. పరుగున బయటికి వచ్చి, బెంచీ మీద కూర్చున్న ఆ ఇద్దరి ముందూ నిలబడి నవ్వుతూ చెప్పాను. "మంగాయమ్మ గారూ, ఇక మాత్రలు ఆపెయ్యండి. ఇంటికెళ్లి మీకేది తినాలనిపిస్తే అది హాయిగా తినండి." ఆవిడ నా మొహం వంక చూసి "ఆయ్," అంది. అబ్బులు గారు తువ్వాలు సర్దుకుని "ఆయ్," అన్నారు. "మళ్లీ ఎప్పుడు రమ్మంటారండీ?" అని ఆవిడ అడిగింది. "తొందరేం లేదు, నేనే కార్డు రాస్తాను," అన్నాను. "ఆయ్," అని లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. బాగయినందుకు సంతోషమనుకున్నాను. ఆ సాయంత్రం పెద్దమ్మగారింట్లో రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

ఆయ్ అనే మాటలో పుట్టి పెరిగినదాన్ని నేను. అది ఎన్ని రకాలో నాకు తెలియాలి. ఒప్పుకుంటే ఆయ్. ఒప్పుకోకపోయినా పెద్దవాళ్లకు ఎదురు చెప్పలేకపోతే ఆయ్. వింటున్నాను, చెప్పండి అనడానికి ఆయ్. గుండె బద్దలయ్యే మాట విన్నప్పుడు కూడా, చెప్పినవాళ్లు నొచ్చుకోకుండా, ఒక ఆయ్. మా నాన్నగారు వాళ్ల నాన్న పోయిన టెలిగ్రాం తెచ్చిన పోస్టుమానుతో కూడా ఆయ్ అన్నారని మా అమ్మ చెప్పేది. పదేళ్లకే హాస్టల్లో పడి నా చెవి మొద్దుబారిందేమో. లేక ఆ రోజు నా సంతోషంలో నాకు నేను తప్ప ఇంకెవరూ కనిపించలేదేమో. రెండోదే నిజమనుకుంటాను.

మూడు వారాలకు కార్డు రాశాను. జవాబు కార్డు వచ్చింది, మంగాయమ్మ బాగానే ఉందని, డాక్టరమ్మ గారి దయ అని, అబ్బులు గారు ఎవరిచేతో రాయించినది. ఇంకో కార్డు రాశాను. దానికీ అదే జవాబు. రెండో శనివారం ప్రొఫెసరు గారు వచ్చి రిజిస్టరులో ఆవిడ పేరు దగ్గర వేలు పెట్టారు. "ఈమెకు మాత్ర ఆపమని చెప్పావా?" "చెప్పానండీ." "ఎందుకు ఆపాలో అర్థమైందా?" "ఆయ్ అన్నారండీ," అన్నాను. ఆయన గోదావరి జిల్లా మనిషి కాదు. కళ్లద్దాలు తీసి నా వంక చూశారు. "నేనిక్కడికి ఎనిమిదేళ్లుగా వస్తున్నాను. ఈ ఆయ్‌ని నమ్ముకుని నేను ఇప్పటికి ఇద్దరిని పోగొట్టుకున్నాను. రేపే బస్సెక్కి వెళ్లి చూసిరా. అది కూడా నీ పనే," అన్నారు.

కొత్తపేట మీదుగా రావులపాలెం, అక్కడ బస్సు మారి ఆత్రేయపురం. ఇల్లు అడిగితే వెంటనే చూపించారు, చూపించినావిడ మాత్రం అయ్యో అన్నట్టు తల ఊపింది. వాకిట్లో చుట్టాల చెప్పులు చాలా ఉన్నాయి. లోపల్నుంచి పనసపొట్టు కూర తాలింపు వాసన వస్తోంది. వెనక పంచలో మంగాయమ్మ గారు బోర్లించిన కుండ ముందు కూర్చుని ఉంది. కొబ్బరాకుల మంట, పక్కన పలచటి బియ్యప్పిండి గిన్నె, ఎదురుగా ఆవిడ చెల్లెలు. గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే కాగితంలాంటి రేకు లేచి వస్తోంది. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయింది. "రండమ్మా. మీరే వచ్చేరా. చెల్లికి చెయ్యి నేర్పించేస్తన్నానండి, ఉన్న నాలుగు రోజుల్లోనూ," అంది. మంట వెలుగులో ఆవిడ ముంజేతుల మీద నల్లటి మచ్చలు కనిపించాయి, అణా కాసంతవి, అరచెయ్యంతవి. "అవేమిటి మంగాయమ్మ గారూ?" అన్నాను. "కుండ తగిలిందేవోనండి," అంది. కుండ తగిలితే ఎర్రగా బొబ్బలొస్తాయి. ఇవి చర్మం కింద రక్తం చిమ్మిన మచ్చలు.

అబ్బులు గారిని మాత్రల గురించి అడిగాను. ఆయన తడబడకుండా లోపలికి వెళ్లి సీసా తెచ్చి చూపించారు. మా ఆసుపత్రి సీసా కాదది. "పాత చీటీ పట్టుకుని గోదారి దాటి రాజమండ్రి వెళ్లి తెచ్చేనండి. మూడో సీసా ఇది. పూట తప్పకుండా నేనే వేస్తన్నాను. మీరాశ వదిలేసేరు గానీ మాకు వదలబుద్ది కాదు గదండీ," అన్నారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. సీసా ఆయన చేతిలోంచి తీసుకుని నా సంచీలో వేసుకున్నాను. ఇవి ఇక వద్దు, ఆసుపత్రికి వెంటనే బయల్దేరాలి అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. ఆయ్ అని చొక్కా తొడుక్కోవడానికి వెళ్లారు.

ఆసుపత్రిలో ఆవిడను మంచం ఎక్కించి పలక పరిచాను. ఊపిరి బిగబట్టాను కాబట్టి రేకు బాగానే వచ్చింది. సత్యానందం గారు గుప్పిట్లో నూరు గింజలు పట్టుకుని పీట ముందు కూర్చున్నారు. నేను పలక ఈ చివరినుంచి ఆ చివరికి జరిపాను. మళ్లీ జరిపాను. అప్పుడొకటి, అప్పుడొకటి. గింజ పడిన చప్పుడు వినిపించి చాలాసేపటికి గానీ రెండో చప్పుడు వినిపించేది కాదు. పలక మొత్తం అయిపోయింది. "ఇంకా ఉన్నాయాండీ?" అన్నారాయన మెల్లిగా. లేవన్నాను. మూడు గుంటల్లో కలిపి పదకొండు గింజలున్నాయి. మిగతావన్నీ ఆయన గుప్పిట్లోనే ఉండిపోయాయి. ఆయన చెయ్యి తెరవకుండా అలాగే కూర్చున్నారు. నేను మైక్రోస్కోపు నుంచి కన్ను తియ్యలేదు. తీస్తే ఆయన మొహం చూడాలి.

రక్తం ఎక్కించాము. అబ్బులు గారిది సరిపడలేదు, చెల్లెలిది సరిపడింది, నాదీ సరిపడింది. నేను ఇచ్చిన సీసా ఆవిడ చేతిలోకి చుక్కచుక్కగా దిగుతుంటే పక్కనే కూర్చున్నాను. అప్పుడడిగాను, మాత్రలు ఎందుకు మానలేదని. "మా మావగారికీ అలాగే చెప్పేరండి. మందులు ఆపెయ్యండి, ఇంటికి తీసుకెళ్లి ఏది తినాలనిపిస్తే అది పెట్టండి అని. మూడో రోజుకి పోయేరు. మా ఊళ్లో ఎవరికైనా అంతేనండి. డాక్టరు గారు ఆ మాటన్నారంటే ఇంక అయిపోయినట్టే. మళ్లీ ఎప్పుడు రమ్మంటారని అడిగితే తొందర్లేదన్నారు మీరు," అంది. నేను చెప్పిన మూడు శుభవార్తలనూ మొదటినుంచి చివరిదాకా ఆవిడ చావు కబురుగా విన్నది. "మరి ఆ మాట నన్నడగొచ్చు కదా. ఆయ్ అని ఎందుకన్నారు?" అన్నాను. "మీరంత నవ్వుతా చెప్తున్నారు గదండీ. నా కోసం నవ్వు తెచ్చిపెట్టుకున్నారనుకున్నాను. చిన్నపిల్ల, ఎలా చెప్పాలో తెలీక కష్టపడతందనిపించింది. నేను ఏడిస్తే మీరూ ఏడుస్తారని ఆయ్ అన్నానండి."

అప్పుడు చెప్పాను, ఉన్నదున్నట్టు. జబ్బు పేరుతో సహా చెప్పాను, ప్రొఫెసరు గారి నియమం సంగతి ఆ క్షణంలో గుర్తే లేదు. బాగయింది కాబట్టే ఆపమన్నానని, ఆపినా మందు లోపల పనిచేస్తూనే ఉంటుందని, ఆపకపోవడం వల్లనే రక్తం తయారవడం ఆగిపోయిందని చెప్పాను. ఆవిడ అంతా విని చిన్నగా నవ్వింది. "కుండ లాగన్నమాట. మంట తీసేసినా ఇంకో నాలుగైదు రేకులొస్తాయండి, ఆ వేడికే. మంట తియ్యకపోతే రేకు మాడిపోద్ది. అలా చెప్పుంటే తెలిసిపోయేది గదండీ," అంది. ఎత్తిపొడుపు కాదది, నాకు రేకు తీయడం నేర్పినప్పటి గొంతే. కాసేపటికి నా చెయ్యి మీద చెయ్యి వేసింది. "మా ఆయనకి మాత్రం చెప్పకండేం. ఏటి కడ్డంగా తిరిగి తిరిగి తెచ్చేడు ఆ మాత్రలు. తెలిస్తే బతకడు." నేను ఆయ్ అన్నాను. ఆ ఆయ్ ఒప్పుకోవడమే, అందులో ఏ సందేహమూ లేదు.

ఇరవై రోజులు బతికింది. జ్వరం ఒకటి వచ్చి తగ్గలేదు. అప్పటికి మా దగ్గరున్న మందులేవీ దానికి ఆనలేదు. ప్రొఫెసరు గారు రెండో శనివారం వచ్చినప్పుడు ఆయన ముందు నిలబడి తప్పంతా నాదేనని చెప్పాను. ఆయన తిట్టలేదు, ఓదార్చలేదు. నాకిచ్చిన పనుల కాగితం తెమ్మని, అడుగున ఒక వాక్యం చేర్చారు. నువ్వు చెప్పింది రోగి చేత తిరిగి చెప్పించుకో. ఆ తర్వాత నా బతుకంతా అదే పని చేశాను. నా దగ్గర చదువుకున్నవాళ్లు వెనకాల నవ్వుకునేవారు, మేడమ్ రోగుల చేత పాఠం అప్పజెప్పించుకుంటుందని. నవ్వుకోనిచ్చాను.

ఇప్పుడు ఆ జబ్బుకు వేరే మాత్ర వచ్చింది. రోజూ వేసుకుని, ఉద్యోగాలు చేసుకుంటూ, మనవల పెళ్లిళ్లు చేసి బతుకుతున్నారు. ఇప్పటి లేబరేటరీల్లో చుక్క రక్తం యంత్రంలో పెడితే నిమిషంలో లెక్క కాగితం మీద వచ్చేస్తుంది, వానగాబులతో పనిలేదు. రోగికి జబ్బు పేరు చెప్పి సంతకం పెట్టించుకుంటున్నారు. అవన్నీ మంచివే. అవి అప్పుడు లేనందుకు నాకు బాధ ఉంది, కానీ దానికి నేను బాధ్యురాలిని కాను. మంగాయమ్మ గారిని మాత్రం మందులు లేక పోగొట్టుకోలేదు. ఉన్న మందు పనిచేసింది, బల్ల కరిగింది. ఇంకో రెండు మూడేళ్లయినా ఉండేది. ఆ మూడేళ్లు నా మూడు మాటల్లో పోయాయి. పెళ్లి చేసుకోలేదేమని అడిగినవాళ్లకు చదువుతో కుదరలేదని చెబుతూ వచ్చాను. ఎవరితోనైనా ఒక కప్పు కింద ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఇది చెప్పాల్సి వస్తుందన్న భయం కూడా అందులో ఉంది. సత్యానందం గారికి తెలుసు. ఆయన చెప్పమని ఎప్పుడూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు, పీట మాత్రం నలభై ఏళ్లు దాచి పంపించారు.

నా ఆరు నెలల వంతు అయిపోయే వారంలో అబ్బులు గారు వచ్చారు. ట్రంకుపెట్టె సర్దుకుంటున్నాను. గుమ్మం బయటే నిలబడి ఒక అట్టపెట్టె నా చేతికిచ్చారు. మరదలు తీసిన మొదటి పూతరేకులట, నాకివ్వమని మంగాయమ్మ గారు ముందే చెప్పి పోయిందట. కూర్చోమంటే కూర్చోలేదు. తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నారు. "ఒక్క మాటడగాలనండి," అన్నారు. "మీరు వద్దన్నాకా కూడా ఆ మాత్రలు తెచ్చి వేసేను. ఏదో నాలుగు రోజులు ఎక్కువ ఉంటాదని. నేను చేసింది మంచే గదండీ?"

నేను ఆవిడకిచ్చిన మాట ఉంది. ఆయనకు నిజం తెలిస్తే ఏమవుతుందో ఆవిడ చెప్పింది. ఆ నిజం చెప్పడం మొదలుపెడితే నేను నవ్వుతూ నిలబడి అన్న ఆ మూడు మాటల దగ్గరినుంచే మొదలుపెట్టాలన్న సంగతీ నాకు తెలుసు. నేను నోరు మూసుకున్నది ఆయన కోసమా, నా కోసమా అన్నది ఇవాళ్టికీ తేల్చుకోలేకపోయాను. పూతరేకుల పెట్టె రెండు చేతులా పట్టుకుని, తల ఎత్తకుండా, "ఆయ్," అన్నాను.

వింటున్నాను అని మాత్రమే అన్నానని ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆయన మాత్రం అవునని విని, కళ్లు తుడుచుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.